పెద్దాయన వెచ్చబడే దాకా

మా అమ్మాయి పోయిన రోజున మా అక్క ఇల్లంతా ఉతికింది. ఉతికింది అన్న మాట తొందరలో రాయలేదు. తుడిచింది, కడిగింది, దులిపింది, కాని ఆ రోజు ఇంట్లో ఆగకుండా వినబడిన చప్పుడు ఉతుకుడే. దుఃఖం వస్తే అక్క చేతులు ఊరుకోవు. వచ్చినవాళ్ళు ముందుగదిలో కూర్చుని నన్ను చూస్తూ ఉంటే, నేను గోడని చూస్తూ ఉంటే, లోపల కుళాయి పారుతూనే ఉంది. సాయంత్రానికల్లా అమ్మాయి దుప్పట్లు, దిండు గలీబులు, తలుపు వెనక మేకుకి తగిలించిన చొక్కాలు, ముందురోజు పని నుంచి వచ్చి కుర్చీ మీద పడేసిన నీలం కోటు, అన్నీ మేడ మీద తీగల మీద ఒకే సబ్బు వాసనతో ఊగుతున్నాయి. అక్క మంచికే చేసింది. కొన్నాళ్ళకి ఎవరూ లేనప్పుడు అమ్మాయి బీరువా తెరిచి బట్టల మధ్య తల పెట్టి చూశాను. సబ్బు. కోటు జేబు తిరగేసి చూశాను. సబ్బే. ఇల్లు మొత్తంలో అక్క చెయ్యి పడనిది ఒకటే, అమ్మాయి గది మూలన ఉన్న తలుపు గూట్లోని స్వెటరు చెయ్యి ముక్క. "లోపల ఏదో బుస కొడుతోందే, నేను చెయ్యి పెట్టను," అని చెప్పి గది తలుపు మూసి వచ్చేసింది.

ఆ బుసకొట్టేదాన్ని, ఆ స్వెటరు ముక్కతో సహా, ఇప్పుడు నా చొక్కాకీ ఒంటికీ మధ్య పెట్టుకుని కూర్చున్నాను. అమ్మాయి మంచం అంచున. భుజానికి స్కూలు సంచి అలాగే ఉంది. తీయాలంటే కుడిచెయ్యి కదలాలి, కుడిచెయ్యి ఆ ప్రాణి కింద ఉంది. కాళ్ళకి బూట్లు. ఇంట్లోకి, అందులోనూ ఈ గదిలోకి, బూట్లతో వస్తే అమ్మాయి ఊరుకునేది కాదు. ఇవాళ నేను మళ్ళీ స్కూలుకి వెళ్ళవలసిన రోజు. వెళ్ళేముందు నీళ్ళ గిన్నె మార్చిపోదామని వచ్చాను. గది గుమ్మంలోనే చలి తగిలింది. పెద్దాయన, అంటే ఆ బుసకొట్టేదే, గూట్లో ఉండవలసిన చోట లేడు. స్వెటరు చేతిలోంచి సగం బయటికొచ్చి, పూర్తిగా ముడుచుకోకుండా, పూర్తిగా విప్పుకోకుండా, ఎవరో చేతిలోంచి జార్చేసిన వస్తువులా ఒక పక్కకి పడి ఉన్నాడు. తాకితే పొట్ట చల్లగా ఉంది. బుస లేదు. ఇన్నాళ్ళూ నేను విసుక్కున్న బుస. జంతువుల డాక్టరమ్మకి ఫోన్ చేశాను. చలికి నిద్రలోకి జారిపోతున్నాడని చెప్పింది, బయట బతికేవాటికి ఆ నిద్ర మామూలేగాని ఇంట్లో పెరిగినవాటికి అది పడితే లేవడం కష్టమంది. వేణ్ణీళ్ళలో ముంచొద్దు, పొయ్యి దగ్గర పెట్టొద్దు, తిండి పెట్టొద్దు, దానికి అలవాటైన గుడ్డలోనే చుట్టి మీ ఒంటికి ఆనించుకుని కదలకుండా కూర్చోండి, మెల్లగా వెచ్చబడాలి, ఒక గంట పట్టొచ్చు. వెచ్చబడకపోతే, అని అడిగాను. "కూర్చోండి టీచరుగారూ," అంది.

కూర్చున్నాను. కూర్చోవడం నాకు చేతకాని పని. క్లాసులో కూడా కుర్చీ గోడకి జరిపేసి బల్లల మధ్య తిరుగుతాను, ముప్పై ఏళ్ళ నుంచీ అంతే. ఇక్కడ ఊపిరి కూడా లెక్కగా తీసుకోవాలి, గట్టిగా పీలిస్తే ముళ్ళు గుచ్చుకుంటాయి. ముళ్ళు అంటే మరీ ముళ్ళు కావు, గట్టి దువ్వెన పళ్ళలాంటివి, అయినా తెలుస్తున్నాయి. తెలియడమే మంచిదనుకుంటాను. దీన్ని హెడ్జ్‌హాగ్ అంటారు. ముళ్ళపంది అంటే జనం ఏదుపంది అనుకుంటారు, అది కుక్కంత ఉంటుంది, ఇది నా రెండు అరచేతులంత. సరైన మాట లేకపోవడం నన్ను మొదట్లో ఇబ్బంది పెట్టింది, అమ్మాయిని కాదు. అట్టపెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడి, "అమ్మా, కోప్పడకు, ఒక పెద్దాయన్ని తీసుకొచ్చాను, మనింట్లోనే ఉంటారు," అంది. పెట్టెలో చూస్తే ఒక ముళ్ళ బంతి. అది ఊపిరి పీల్చి ఒక్క బుస కొట్టి ఇంకా గట్టిగా ముడుచుకుంది. "చూశావా, వచ్చీ రాగానే మర్యాద తక్కువైందని అలిగారు." ఆ రోజు నుంచీ అన్నీ గౌరవ వాచకాలే. పెద్దాయన లేచారా, పెద్దాయనకి పురుగులు పెట్టారా, పెద్దాయన గూట్లో చక్రం మీద షికారుకెళ్ళారు, పాదాలు పాడుచేసుకున్నారు, కాళ్ళు కడగాలి, బేసిన్ తెండి. మా ఆయన నవ్వి, ఇంట్లో నాకు లేని మర్యాద ఆయనకెందుకు అంటే, "నువ్వూ పగలంతా పడుకుని, ముట్టుకుంటే బుసకొట్టు నాన్నా, నీకూ ఇస్తాం," అంది. మా ఇంట్లో ఎప్పుడూ ఒక పిల్లిని కూడా పెంచలేదు. అమ్మాయికి అదే మొదటిది. నాకు ఇప్పుడు మొదటిది.

స్వెటరు సంగతి. పెద్దాయన వచ్చిన కొత్తలో ముక్కు బయట పెట్టేవాడే కాదు. కళ్ళతో మనిషిని గుర్తుపట్టలేడు, ముక్కుతోనే పడతాడని ఎవరో చెబితే, అమ్మాయి తన పాత ఆకుపచ్చ స్వెటరుకి ఒక చెయ్యి మోచేతి పైదాకా కత్తిరించి గూట్లో వేసింది. అది రెండు రోజులు ఒంటి మీద వేసుకుని, విప్పి, ఉతక్కుండా అలాగే. పెద్దాయన ఆ చేతిలోకి దూరి పడుకోవడం మొదలుపెట్టాడు. మిగిలిన స్వెటరు పారెయ్యమంటే పారెయ్యలేదు. ఆ చలికాలమంతా ఒంటి చేతి స్వెటరుతో ఇంట్లో తిరిగింది, రెండో చెయ్యి పెద్దాయనకి అద్దెకిచ్చానని చెబుతూ. అమ్మాయి పని కళ్ళద్దాల దుకాణంలో. గాజుని ఫ్రేముకి సరిపోయేలా అరగదీసి బిగించడం. ఇంటికి వస్తే అద్దాలు తుడిచే నీళ్ళ వాసన, ఆ నీళ్ళకి చేతులు పగలకుండా రాసుకునే క్రీము వాసన, వాటి వెనక ఇంకొకటి, దానికి నా దగ్గర మాట లేదు. చిన్నప్పటి నుంచీ మెడ దగ్గర ఉండేది. ఒంటి చేతి స్వెటరుని అక్క ఉతికేసింది. రెండో చెయ్యి మాత్రం గూట్లో ఉండిపోయింది. ఆ తర్వాత, నా ఒంట్లో నలతగా ఉందేమో ఒకసారి చూపించుకురమ్మని మా ఆయన అంటే, నేను నా గురించి కాక పెద్దాయన గురించి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. నన్ను చూస్తే బుసకొడతాడు, నా చేతిలో తిండి ముట్టడు అని చెప్పాను. మీ బట్ట ఒకటి వెయ్యండి, పాతది తీసెయ్యండి, రెండూ ఉంటే పాతదే వెతుక్కుంటుంది, అంది. సరే అన్నాను. ఇంటికి వచ్చి గూటి తలుపు తెరిచి ఆ చేతిని వేళ్ళతో పట్టుకున్నాను, లాగలేదు. ముక్కు దగ్గర పెట్టుకోలేదు కూడా. పెట్టుకుంటే ఎంతో కొంత తగ్గిపోతుందని అనిపించింది. పెద్దాయనకీ నాకూ ఒకే గుడ్డ. ఆయన అందులో పడుకుంటాడు, నేను బయట నిలబడతాను.

ఇప్పుడది నా ఒంటి మీద ఉంది. చలి గదిలో కూడా చెమట పడుతోంది, ఒకే చోట బిగుసుకుని కూర్చున్నందుకు. పెద్దాయన్ని వెచ్చబరచవలసిన వేడి ఈ గుడ్డలోంచే పోవాలి. పోయేది వేడి ఒక్కటే కాదు. నా చెమట, పొద్దున్నే పూసుకున్న నూనె, బీరువాలో మడతపెట్టిన నా చొక్కా వాసన, అన్నీ ఇందులోకి దిగుతున్నాయి. గంట గడిచేసరికి ఇది నా గుడ్డ అవుతుంది. మధ్యలో తీసేసి వేరే గుడ్డ వేస్తే? దానికి అలవాటైన గుడ్డ అని ఆవిడ చెప్పింది. పోనీ వేరేదే తెచ్చినా, లేవాలి, లేస్తే చలి. ఎడమచేత్తో గుడ్డ చివర పట్టుకున్నాను. కాసేపు పట్టుకునే ఉన్నాను. తర్వాత దాన్ని ఇంకా దగ్గరికి జరుపుకున్నాను. ఎందుకు జరుపుకున్నానో నాకు తెలియదు, తెలిసినట్టు రాయను.

గూటి పైన గోడకి స్విచ్చులు వరసగా ఉన్నాయి. కూర్చున్నప్పటి నుంచీ అవే ఎదురుగా ఉన్నాయి. చివరిది వేడి బల్బుది. అది వెలుగివ్వదు, పింగాణీ ముద్దలా ఉంటుంది, వేడి మాత్రం ఇస్తుంది, రాత్రీ పగలూ ఉండాలి. ఆ స్విచ్చు మీద అమ్మాయి దెబ్బలకి వేసే ప్లాస్టరు ముక్క ఒకటి అంటించింది, వాళ్ళ నాన్న కోసం. మా ఆయనది లిఫ్టులు బాగుచేసే పని. లిఫ్టు కిందికి దిగి పని చెయ్యడానికి మిషను గదిలోంచి బయటికి వచ్చేముందు చెయ్యి స్విచ్చు బోర్డు మీద నుంచి ఒకసారి పోవాలి, ఏదీ ఉంచకుండా కట్టెయ్యాలి, లేకపోతే ఎవరి ప్రాణానికో ముప్పు. పాతికేళ్ళు అలా చేసిన చెయ్యి ఇంట్లోనూ అదే చేస్తుంది. గదిలో మనిషి ఉన్నా సరే, ఈయన గుమ్మం దాటుతుంటే దీపం ఆరుతుంది. అమ్మాయి చదువుకునే రోజుల్లో ఎన్నిసార్లో. చీకట్లోంచి కేక వేసేది, "నాన్నా, నేనింకా ఇక్కడే ఉన్నాను." ఈయన నాలిక కరుచుకుని వెనక్కి వచ్చి వేసేవారు. అందుకే ప్లాస్టరు. చెయ్యి అటు పోయినా వేలికి తగులుతుందని. ఇప్పుడు అక్కడ ప్లాస్టరు లేదు. బోర్డు తెల్లగా మెరుస్తోంది. అక్క బోర్డు కూడా తుడిచింది.

పొద్దున్న వచ్చి చూసినప్పుడు ఆ స్విచ్చు కట్టేసి ఉంది. నిన్న సాయంత్రం నేను పురుగులు పెట్టి వచ్చేటప్పుడు వేసే ఉంది. కాబట్టి నా తర్వాత ఈ గదిలోకి ఒకరు వచ్చారు. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే, ఈయన ఈ గదిలోకి రారు. అమ్మాయి పోయినప్పటి నుంచీ ఈ గుమ్మం ముందు నుంచి పోతున్నప్పుడు కూడా అవతలి గోడ వైపు జరిగి నడుస్తారు. రానే రారు అని నేను నా మనసులో ఆయన మీద ఒక మాట పెట్టుకుని ఉన్నాను. ఆ మాట ఇక్కడ రాయను. ఆయన వచ్చారు. ఎప్పుడు, ఎంతసేపు, ఏం చూశారు? మంచం మీద దుప్పటి ముడత లేదు. పొద్దున్న నేను కేక వేసి స్విచ్చు గురించి చెప్పినప్పుడు ఆయన వంటగదిలోంచి రాలేదు. కుళాయి కట్టేసిన చప్పుడు మాత్రం వినిపించింది. బల్బు వేశాను, గది వెచ్చబడుతోందేమో, నాకు తెలియడం లేదు.

ఫోన్ మోగుతోంది. అమ్మాయి బల్ల మీద, అద్దాలు లేని ఫ్రేముల పక్కన. అందదు. స్కూలు పెద్ద టీచరే అయి ఉంటుంది. నిన్న ఆవిడ చాలా నెమ్మదిగా మాట్లాడింది, ఇవాళ ఒక్క పీరియడు తీసుకోండి చాలు, పిల్లలకి చెప్పి ఉంచాం, అంది. పిల్లలకి ఏం చెప్పి ఉంచారో ఊహించగలను. నేను తలుపు తీస్తే నలభై తలలు లేచి నిలబడతాయి, ఎవరూ గుసగుసలాడరు, సుద్ద కింద పడితే నలుగురు వంగుతారు. ఆ నిశ్శబ్దంలో నిలబడి నేను గుణింతం తప్పుని తప్పు అని చెప్పాలి. రాత్రి అంతా దాని గురించే భయపడ్డాను. ఇప్పుడు వెళ్ళలేను, కారణం ఉంది, ఒంటి మీద జంతువు ఉంది. బతికిపోయాను అనుకున్నాను ఒక క్షణం. మరుక్షణం ఈ గది నాలుగు గోడలూ చూశాను. స్కూల్లో నన్ను చూసి మాట తగ్గిస్తారు, ఇంట్లో మాటే లేదు, అక్క ఫోన్ చేస్తే ఏడుస్తుంది, చివరికి నేనే ఓదార్చాలి. ఒకసారి అక్క అననే అంది, నువ్వూ ఆ జంతువులాగే ముడుచుకుపోతున్నావే అని. పోలికలు పిల్లల వ్యాసాల్లో బాగుంటాయి. నేను ముడుచుకోలేదు. నాకు ముళ్ళే ఉంటే అక్కని ఆ బీరువా దగ్గరికి రానిచ్చేదాన్నా. ఫోన్ ఆగింది. ఎడమకాలు తిమ్మిరెక్కింది. పెద్దాయన కదల్లేదు. చిటికెనవేలితో పొట్ట వెతికాను. అదే చలి, లేదా నా వేలి చలి. తెలుసుకునే దారి లేదు.

అమ్మాయి వెళ్ళిన రోజు కూడా ఇలాగే కాలు తిమ్మిరెక్కింది. ఆస్పత్రి బెంచీ మీద. బస్సు దిగి రోడ్డు దాటుతోంది, అంతే, దాని గురించి అంతకంటే ఎక్కువ రాయడం నాకు రాదు. లోపలికి రానివ్వలేదు. గాజు తలుపు. దానికి అటువైపు చేతులు కనిపిస్తున్నాయి, ఎవరివో, చకచకా కదులుతూ. నా ఒంటి వేడి అప్పుడు ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే.

తలుపు అవతల అడుగులు. చెక్క మీద చెయ్యి ఆనించిన చప్పుడు. మా ఆయనే. లోపలికి రాలేదు. తలుపు ఓరగా వేసే ఉంది, ఒక్క వేలితో తోస్తే చాలు. లిఫ్టుల్లో ఇరుక్కుపోయినవాళ్ళ సంగతి ఆయన కొత్తలో నాకు చెప్పేవారు. తలుపు బాదకండి అంటే ఇంకా బాదుతారట, భయపడకండి అంటే ఇంకా భయపడతారట. అందుకని ఈయన బయట నిలబడి పని చేసుకుంటూనే, మీ కాళ్ళకి ఏం వేసుకున్నారు అని అడుగుతారు. మనిషి తల దించి చూసుకుంటాడు. గోడలు చూడటం మానేస్తాడు. రంగు చెబుతాడు, ఎక్కడ కొన్నాడో చెబుతాడు, ఈలోగా తలుపు తెరుచుకుంటుంది.

"కాళ్ళకి ఏం వేసుకున్నావు?" అన్నారు మా ఆయన, తలుపు అవతల నుంచి.

పాతికేళ్ళలో ఆయన ఆ ప్రశ్న నన్ను ఎప్పుడూ అడగలేదు. తల దించి చూశాను.

"నల్ల బూట్లు."

"స్కూలువా?"

"ఆఁ. ఎడమదానికి లేసు ఊడింది."

"తొక్కి పడతావు. లేవకు." తలుపు కిర్రుమంది, తెరుచుకోలేదు. తర్వాత, "నిన్న సాయంత్రం నేను లోపల కూర్చున్నాను," అన్నారు. "దీపం వెయ్యలేదు. చీకట్లోనే. వచ్చేటప్పుడు చెయ్యి బోర్డు మీదికి పోయింది. ఒక స్విచ్చు వేసున్నట్టు తగిలింది. కట్టేశాను."

నా దగ్గర చాలా వాక్యాలు తయారుగా ఉన్నాయి. పొద్దుటి నుంచి కాదు, ఎన్నాళ్ళ నుంచో. అన్నీ వ్యాకరణం సరిగ్గా ఉన్న వాక్యాలే. చీకట్లో కూర్చున్న మనిషి నా కళ్ళ ముందు కనబడ్డాడు. ఎక్కడ కూర్చున్నారో కూడా తెలిసింది, నేల మీద, గూటికి ఆనుకుని, అందుకే దుప్పటికి ముడత లేదు. అక్కడ కూర్చుంటే స్వెటరు చెయ్యి సరిగ్గా మొహం ఎత్తులో ఉంటుంది.

"ప్లాస్టరు ఊడిపోయింది," అన్నాను. "అక్క తుడుస్తూ తీసేసింది. ఉంటే మీ వేలికి తగిలేది."

చెక్క మీద చెయ్యి ఇంకా అలాగే ఉందని తెలుస్తోంది.

అప్పుడు ముళ్ళు కదిలాయి. నేను ఊపిరి తీసుకున్నందుకు కాదు, నేను ఊపిరి బిగబట్టి ఉన్నాను. ఒక్కొక్కటీ విడివిడిగా, వాన చినుకు పడినప్పుడు గడ్డి కదిలినట్టు. తర్వాత ఒక వణుకు. డాక్టరమ్మ చెప్పింది, వణికితే మంచిదే, వేడి తనే పుట్టించుకుంటున్నాడని. చాలాసేపు వణికాడు. చొక్కా గుండీ ఒకటి విప్పి లోపలికి చూశాను. పొడుగు ముక్కు, తడిగా, స్వెటరు అంచులోంచి బయటికి వచ్చింది. వాసన పట్టింది. ఇటు, అటు. బుస కొడతాడని చూశాను. కొట్టలేదు. ఉన్ని అంచుని నోట్లోకి తీసుకుని నమలడం మొదలుపెట్టాడు. నోటి చుట్టూ తెల్లటి నురుగు వచ్చింది. మెడ విరిగిపోతుందా అన్నట్టు వెనక్కి తిప్పి, పొడుగాటి నాలికతో ఆ నురుగుని తన వీపు ముళ్ళకి పూసుకున్నాడు.

మొదటిసారి ఇది చూసినప్పుడు పిచ్చెక్కిందనుకుని నేను కుర్చీ ఎక్కాను. అమ్మాయి పడీపడీ నవ్వింది. "కొత్త వాసన ఏదైనా తగిలితే పెద్దాయన ఇలాగే చేస్తారమ్మా. నమిలి, నురుగు చేసి, ఒంటికి రాసుకుంటారు. మనం సెంటు పూసుకున్నట్టు. తెలిసిన వాసనకి చెయ్యరు." ఆ రోజు తను క్రీము మార్చింది.

తెలిసిన వాసనకి చెయ్యరు. ఇన్ని నెలలు పడుకున్న గుడ్డ అది. ఎడమచేత్తో దాని కొస తీసి, ఇన్నాళ్ళూ చెయ్యని పని చేశాను, ముక్కు దగ్గర పెట్టుకున్నాను. చెమట, నూనె. నాదే. దాని కింద ఇంకేమైనా మిగిలి ఉందేమో నేను చెప్పలేను. నాది పెద్దాయన ముక్కు కాదు. ఆయన మాత్రం నములుతూనే ఉన్నాడు, తిరుగుతూనే ఉన్నాడు, అందిన ముల్లుకల్లా పూసుకుంటున్నాడు, ఉన్నదంతా.

"లేచాడు," అన్నాను.

తలుపు తెరుచుకుంది. మా ఆయన గుమ్మంలో ఒకసారి ఆగి, లోపలికి వచ్చి, గూటి పక్కన నేల మీద కూర్చున్నారు, అలవాటైన చోట కూర్చున్నట్టు. నా ఎడమ బూటుని తన వైపు లాక్కుని లేసు ముడి వేశారు. ఆ తర్వాత చొక్కా సందులోంచి కనిపిస్తున్న ముక్కుని చూశారు. చెయ్యి చాపబోయి ఆపుకున్నారు.

"నన్ను గుర్తుపడతాడా?"

"వాసన తెలియాలి," అన్నాను. "మన పాత బట్ట ఏదైనా గూట్లో వెయ్యమంది డాక్టరమ్మ. ఇది తీసేసి."

ఆయన స్వెటరు చెయ్యి వైపు చూశారు. ఫోన్ మళ్ళీ మోగింది, మోగి ఆగింది. ఇద్దరం లేవలేదు. బల్బు వేసే ఉంది, వెలుగు లేదు కాబట్టి వేసి ఉందో లేదో చూసి చెప్పలేం, ఆయన చెయ్యి ఎత్తి దాని కింద పెట్టి చూసి తల ఊపారు.

స్కూలుకి వెళ్ళలేదు. స్విచ్చు మీద ప్లాస్టరు ఇంకా అంటించలేదు. గూట్లో వెయ్యవలసిన బట్ట నాదా, ఆయనదా అన్నది మేము ఇంకా మాట్లాడుకోలేదు.